పెచ్చుల కుప్ప దగ్గరి పంతులమ్మ

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజున ఎలీషబాను చివరి వరుసలో కూర్చోబెట్టారు. తాను అక్షరాలు దిద్దించిన ఆడవాళ్ల నడుమే, తానూ కొత్తగా చదువు నేర్చుకుంటున్నదానిలా పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదుట కుర్చీలో నరసింహులు పంతులు.

"ఆ చివరామెను చదవమనండి" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఎలీషబా లేచి పాఠం గడగడా చదివింది. ఒక్క ఒత్తు తప్పలేదు.

"భేష్! ఈమె ఎప్పుడు చేరింది?"

"పోయిన ఉగాదికండి. అప్పటికి సున్న చుట్టను కూడా రాదు" అన్నాడు నరసింహులు.

ఆ భేష్ అతని ఖాతాలో పడింది. కంభం మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివిన ఎలీషబా మళ్లీ పలక ఒళ్లోకి తీసుకుని కూర్చుంది.

మార్కాపురం పలకల గనుల దగ్గర ఈ సంగతి ఎవరినడిగినా "ఎంత ఓర్పో ఆ తల్లికి" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆమెకు ఓర్పు లేదు. ఉన్నది కడుపుమంట. బీదవాళ్ల కడుపుమంటకు ఓర్పని పేరు పెట్టి దండం పెడితే మనం చేయాల్సిన పని తప్పించుకోవచ్చు, అంతే.

గనిలో రాయి కొట్టే యోబును పెళ్లాడి ఆమె ఇక్కడికి వచ్చింది. పలకలు రుద్దే పాకలో కూలికి చేరింది. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆడవాళ్లు కాసేపు నడుం వాలుస్తారు. ఆ కాసేపట్లోనే, పాక వెనక పెచ్చుల కుప్ప దగ్గర, ఆమె బడి మొదలైంది. పెచ్చులంటే చిట్లిపోయిన, గీత పడిన, అమ్మకానికి పనికిరాని పలక ముక్కలు. దేశమంతా పిల్లలు దిద్దే పలకలు చేసే చేతులకు 'అ' రాదన్న సంగతి ఆమెను మొదటి రోజు నుంచీ కుట్టేది.

తరువాత సర్కారు వయోజన బడి మంజూరైంది. దానికి ట్రైనింగు ఉన్న పంతులు కావాలన్నారు. ఎలీషబాకు ట్రైనింగు లేదు. పైగా ఆడమనిషి. పైగా మాలపల్లె మనిషి. ఈ మూడోది మాత్రం ఎవరూ పైకి అనలేదు. కొనకనమిట్ల వైపు రైతు బిడ్డ నరసింహులు వచ్చాడు. కుర్చీ వచ్చింది. అతనికి ఇంకో ఊళ్లో పిల్లల బడి కూడా ఉంది కాబట్టి వారంలో సగం రోజులు రాడు. ఆ రోజుల్లో చదువు చెప్పేది ఎలీషబా. సంగతి బయటపడితే బడి ఎత్తేస్తారని ఆమెను విద్యార్థినిని చేసి కూర్చోబెట్టారు.

అప్పటినుంచి అతనికి సంబంధించిన ప్రతిదీ ఆమె కంట్లో నలుసైంది. అతని గొడుగు. అతను రాగానే ఆడవాళ్లు కొంగు సర్దుకుని లేవడం. మేస్త్రీ మస్తానయ్య అతనికి మజ్జిగ తెప్పించి, అదే నోటితో "ఎలీషబా, ఆ పలకలెత్తు" అనడం. ఒకనాడు అతను రాకముందు కుర్చీ దుమ్ము దులిపింది. దుమ్మేమీ లేదు. కూర్చోలేదు కూడా. పలకలు రుద్దిన చేయి కదా, ఆ చెక్క ఎంత నున్నగా ఉందో తడిమి తెలుసుకుంది.

అన్నిటికంటే పోలమ్మ సంగతి ఆమెను కాల్చింది. కరువులో గొర్రెలు పోయి వెలిగండ్ల నుంచి కూలికొచ్చిన గొల్లామె పోలమ్మ. మొదట్లో ఎలీషబా చేతి పెచ్చు అందుకునేది, చేతి నీళ్లు మాత్రం తాగేది కాదు. నీళ్లు తాగే దాకా వచ్చేసరికి గుణింతాలు పూర్తయ్యాయి. అటువంటి పోలమ్మ, నరసింహులు ఇంగ్లీషు మొదలుపెట్టగానే అతని ముందు వరుసకు జరిగింది.

"ఏం పోలమ్మా, ఆడ కూచుంటే పాలు పోస్తారా?" అంది ఎలీషబా.

"అట్ల కాదక్కా. పంతులు ఇంగిలీసు చెప్తాండాడు. రైలు టేసన్ల బోర్డు చదవొచ్చంట."

"బోర్డు మీద తెలుగు లేదా?"

"ఉంది. అది నీ దగ్గర నేర్సుకుంటి గదా."

"ఒక బీడులో మేసి ఇంకో దొడ్లో ఈనినట్టుంది నీ యవ్వారం."

"గొర్రెల సంగతి నాకా చెప్పేది? యాడ పచ్చగుంటే ఆడికి పోతాదక్కా గొర్రె!"

అందరూ నవ్వారు. ఎలీషబా నవ్వలేదు. ఏబీసీడీలు తనకూ వచ్చు. వచ్చా అని ఒక్కరూ అడగలేదు.

నరసింహులు చెడ్డవాడు కాదు. పెచ్చుల మీద దిద్దడం చూసి జాలిపడి, చట్రం బిగించిన కొత్త పలకలు తెప్పించాడు. చిక్కు అక్కడే వచ్చింది. ఆడవాళ్లు రాస్తారు, అతను ఇటు తిరిగి అటు చూసేలోపల పలక నున్నగా, నల్లగా ఉంటుంది.

"రాసింది ఎందుకు తుడిచినారు?"

"తుడిచినామా?" అని వాళ్లే బిత్తరపోయేవాళ్లు.

చివరికి అతను ఎలీషబా దగ్గరికి వచ్చాడు. "వీళ్లకేంది జబ్బు? నీ దగ్గర బాగానే రాస్తారు గదా?"

జబ్బేమిటో ఆమెకు తెలుసు. పలక మీద తెల్ల గీత కనబడితే రుద్ది పోగొట్టాలి. పోకపోతే మస్తానయ్య తిట్టి ఆ పలకను కుప్పలోకి విసిరేస్తాడు. ఏళ్ల తరబడి అదే పని చేసిన చేయి, బలపం గీతను కూడా లోపమే అనుకుని మనిషికి తెలియకుండా రుద్దేస్తుంది. మొదట్లో ఎలీషబా చేయీ అంతే. అందుకే ఆమె పెచ్చులు పట్టింది. కుప్పలో పడ్డ ముక్క మీద గీత ఉంటే అడిగేవాడు లేడు, చేయి ఊరుకుంటుంది.

"నాకేం తెలుసయ్యా. నేను సున్న చుట్టను రాని మనిషిని గదా" అంది.

అతని ముఖం మాడిపోయింది. ఆ రోజు ఆమెకు సంగటి రుచిగా ఉంది.

ఇన్‌స్పెక్టరు గారు మళ్లీ వచ్చారు. అందరూ పేరు రాయాలన్నారు. ముందు వరుస వంగి రాసింది. ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని చూస్తే ఒక్క పలక మీదా ఒక్క అక్షరం లేదు. మళ్లీ రాయమన్నారు. మళ్లీ అంతే. నరసింహులు చెమటలు కక్కుతున్నాడు. చివరి వరుసలో ఎలీషబా పెదవి కొరికి నవ్వు ఆపుకుంటోంది. ఇదే కదా ఆమె కోరుకున్నది!

"కాలం వృథా. ఈ బడి ఎత్తివేయమని రాస్తాను" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

పోలమ్మ వెనక్కి తిరిగి ఎలీషబా వంక చూసింది. "అక్కా, నేను రాసినా. ఒట్టు, రాసినా" అంది ఏడుపు గొంతుతో.

ఎలీషబా నవ్వు ఆగిపోయింది. పోయేది నరసింహులు బడి అనుకుంది. కాదు, పోలమ్మ బడి. అంటే తన బడి. లేచి కుప్ప దగ్గరికి పోయి, కొంగునిండా పెచ్చులు తెచ్చి ముందు వరుసకు పంచింది.

"దీని మీద రాయి. ఇది కంపెనీది కాదు, నీది."

పోలమ్మ రాసింది. చేయి తుడవడానికి పోలేదు. తెలుగులో తన పేరు, దాని కింద ఇంగ్లీషులో తన పేరు. పక్కామె రాసింది. వరుసంతా రాసింది.

ఇన్‌స్పెక్టరు గారు ఎలీషబాను గుర్తుపట్టారు. "ఓహో, ఉగాదికి చేరినామె కదూ!" అని నరసింహులు భుజం తట్టారు. "మీ శిష్యురాలే ఇంతటిదైతే, మీరింకెంతటివారో!"

నిజం ఆమె నాలుక చివర ఉంది. చెబితే పోయినసారి ఆడిన అబద్ధం బయటపడుతుంది, బడి పోతుంది. మింగింది.

ఆయన వెళ్లాక నరసింహులు తలవంచుకుని, "చెబుదామనుకున్నా ఎలీషబా, నోరు రాలా" అన్నాడు.

"నోటితో ఎందుకయ్యా? కుర్చీలోంచి లేస్తే చాలదా?" అందామె.

అతను లేవలేదు. ఆ పెచ్చుల పద్ధతి ఇప్పుడు అతని పేరు మీదే పక్క తాలూకాలకు పోయింది. గిద్దలూరులో ఎవరో దాన్ని మెచ్చుకున్నారని తెలిసిన రోజున ఎలీషబా అన్నం ముట్టలేదట. ముట్టకపోవడమే న్యాయం.

చదువరులారా, ఆమెను ఓర్చుకోమని చెప్పకండి. ఒక పోస్టు కార్డు తీసుకోండి. పలకల గనుల దగ్గరి బడిలో కుర్చీ ఎలీషబాకు వేయమని, కావాలంటే ట్రైనింగుకు ఆమెనే పంపమని విద్యాశాఖవారికి రాయండి. అబద్ధం ఆడించింది వాళ్ల నిబంధనే కాబట్టి ఆ నేరం ఆమె మీద పెట్టవద్దనీ రాయండి. కింద మీ పేరుతో పాటు, మీ ఇంట్లో ఇంతవరకు వేలిముద్ర వేస్తున్న ఆడమనిషి చేత కూడా పేరు రాయించండి. ఆమెకు రాకపోతే ముందు అది నేర్పండి. కార్డు నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.