మావగారి వేషంలో సీతారత్నం

పెళ్లి భోజనాల్లో వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాడే పలివెల సీతారత్నం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. పాటలు కట్టేదీ ఆమే. నలభై ఐదో ఏట ఆ పాటలన్నీ కలిపి, ఓ మొండి మావగారికీ కోడలికీ నడుమ జరిగే కథగా నాటకం రాసింది. కొత్తపేట నాటక పోటీల్లో తెర వెనక నిలబడి కోడలి పాటలు పాడితే చాలనుకుంది.

తీరా ఆ సాయంత్రం మావగారి వేషగాడు సురేంద్రకి జ్వరం వచ్చింది.

"మాటలన్నీ నాకొచ్చు కదండీ, నేనేసేస్తాను," అని సీతారత్నం పంచె కట్టి మీసం అంటించుకుంది. మొదటి మాట మరీ మెల్లిగా పలికింది. రెండో మాటకి జనం ఘొల్లుమని నవ్వారు. అంతే, భయం పోయింది. మధ్యమధ్య తెర వెనక్కి పరుగెత్తి కోడలి పాటలూ తనే పాడింది.

చివర్లో న్యాయనిర్ణేత అడిగారు. "నాటకం రాసినవారెవరండీ?"

"నేనేనండి."

"మరి లోపలనుంచి పాడినావిడ?"

"ఆవిడా నేనేనండి."

ఆయన నమ్మలేదు. సీతారత్నం మైకు అందుకుని, ఆయన నోరెళ్లబెట్టిన తీరు మీదే అప్పటికప్పుడో పాట కట్టి పాడేసింది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు.

బహుమతిగా ఆమెకిచ్చిన కప్పు మీద 'ఉత్తమ నటుడు' అని ముందే చెక్కేశారు. మార్పిస్తామంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఉండనివ్వండి, బాగుందండీ," అని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.