గుర్రానికి వేయించిన సూది

మా నాన్న పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తీసుకెళ్తాడు. పీణ్య ఫ్యాక్టరీల పేటలో మా ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో ఒక తెల్ల ఆడగుర్రం. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నాన్నా, నేనూ, అదీ.

మొన్నటి వానాకాలంలో ఒకరోజు పొద్దున అది ఉలవలు ముట్టలేదు. గార్మెంట్స్ పనికి బయల్దేరుతూ మెడ మీద చెయ్యి వేశాను. ఒళ్ళు కాలిపోతోంది.

"అలిసిపోయిండాది లేమ్మా. నాలుగు దినాలు రెస్టిస్తే సరిపోతాది" అన్నాడు నాన్న.

అంతలోనే అది మూత్రం పోసింది. కాఫీ డికాక్షన్ రంగు. పని మానేసి గుర్రాల డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

ఆవిడ వచ్చి గుర్రం కింది కనురెప్ప లాగి చూపించింది. గులాబీ రంగులో ఉండాల్సిన చోట పాలిపోయి, పసుపుపచ్చగా ఉంది. తోక కింద వెతికి, ఆముదపు గింజలా ఉబ్బిన పురుగొకటి లాగింది.

"పిడుదులే కదా డాక్టరమ్మా, ఎప్పుడూ ఉండేవే" అన్నాడు నాన్న.

"ఇవే తెచ్చినాయప్పా జబ్బు. ఇది కరిచినప్పుడు కంటికి కనపడని క్రిమి రక్తంలోకి పోతాది. లోపల రక్త కణాలని పగలగొడతాది. అందుకే మూత్రం ఆ కలర్."

ఇన్నాళ్ళూ వాటిని ఒట్టి చేతులతో పీకి పారేసింది నేనే. ఇది మనుషులకు రాదులే అని ఆవిడ చెప్పాక కూడా చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

రక్తం తీసుకెళ్ళి పరీక్ష చేసి, అదే జబ్బని తేల్చుకుని, మరుసటి రోజు మందు తెచ్చింది. "ఈ మందు గట్టిది. కడుపునొప్పి వస్తాది, చెమటలు పడతాయి. అది తట్టుకునేదానికని ముందే ఇంకో సూది వేస్తాను. అయినా కష్టపడతాది" అంది.

"వద్దమ్మా, అసలే నిలబడలేక ఉండాది" అన్నాడు నాన్న, నావైపు చూస్తూ.

నేను వేయమన్నాను.

కాసేపటికే దాని ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది. నోట్లోంచి చొంగ తీగలుగా కారింది. ముందుకాళ్ళు మడిచి కూలబడి, పొర్లబోయింది. నాన్న దాని తల పట్టుకుని నన్ను చూశాడు.

"నువ్వే సంపినావు దీన్ని."

నాకూ అలాగే అనిపించింది. డాక్టరమ్మ లేపి నడిపించమంది. తాడు పట్టుకుని సందులోకి నడిపించాను. లేత్ షాపుల్లో పనివాళ్ళు మిషన్లు ఆపి చూశారు. దాని మోకాలు వంగినప్పుడల్లా తాడు పైకి గుంజేదాన్ని. పడితే మళ్ళీ లేవదని గట్టిగా అనుకున్నాను. నడవగా నడవగా చెమట ఆరింది. ఊపిరి నెమ్మదించింది. చివరికి లద్దె వేసింది, కడుపు కదిలినట్టే. అప్పుడు డాక్టరమ్మ మొదటిసారి గోడకు ఆనుకుని కూర్చుంది.

మర్నాటికి జ్వరం తగ్గింది కానీ అదే మందు ఇంకో సూది పడాలి. నావల్ల కాలేదు. ఇది చాలదా అని ఫోన్లో డాక్టరమ్మను బతిమాలాను. నాన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"మా పాప భయపడతా ఉండాది. నువ్వు రా డాక్టరమ్మా, నేను పట్టుకుంటాను."

ఆవిడ వచ్చి సూది వేస్తుంటే ఇంట్లో తలుపు మూసుకుని, చెవులు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి నాన్న తలుపు తట్టాడు.

"బయటికి రామ్మా. నిలబడుకోనే ఉండాది."

క్రిమి ఒంట్లో అణిగి ఉండిపోవచ్చని, బాగా అలిసిపోతే మళ్ళీ తిరగబెట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ సీజన్ పెళ్ళిళ్ళన్నీ నాన్న వదిలేశాడు. గుర్రం మెల్లగా కోలుకుంది. మొదటి సూది రోజు నన్నన్న మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు రోజూ పొద్దున ఇద్దరం చెరో పక్క నిలబడి దాని ఒళ్ళంతా తడిమి చూస్తాం. అది ఊరికే తల విదిలించినా నాన్న నా మొహం చూస్తాడు, నేను ఆయన మొహం చూస్తాను.