తొమ్మిది ఓట్ల గారు

అచ్యుతరావు గారికి ఒకచోట కుదురు లేదు. మబ్బు పడితే చాలు, కంచం ముందునుంచి లేచి బేస్‌మెంట్ చూసొచ్చేవారు. మిషిగన్‌లో హార్లన్ ఫాల్స్ అనే మా చిన్న ఊళ్ళో ఆయన ఇల్లు నది పక్కన. మురుగుకాల్వ ఊరు పుట్టినప్పుడు ఇటుకలతో కట్టినది. వానొస్తే మురుగంతా ఇళ్ళలోకి తన్నేది. "వందేళ్ళుగా పనిచేస్తోందిగా!" అనేది సిటీ కౌన్సిల్. మీటింగులో మాట్లాడేందుకు మూడు నిమిషాలిస్తే, ఈయన సభకు నమస్కారాలు చెప్పేసరికే రెండు గడిచిపోయేవి.

విసిగి 1983లో కౌన్సిల్‌కే పోటీ చేస్తానన్నారు. అప్పటికే నామినేషన్ గడువు దాటింది. బ్యాలెట్‌లో పేరు ఉండదు, ఓటరే చేత్తో రాయాలి. నెల్లాళ్ళు గడప గడపకీ తిరిగి అమెరికన్లకి తన పేరు స్పెల్లింగ్ నేర్పారు. మా తెలుగువాళ్ళకి మాత్రం నేర్పలేదు, మనవాళ్ళకేం చెప్పాలని.

ఎన్నికల రాత్రి సిటీ హాల్‌లో లెక్క తేలింది. ఎదుటాయనకి 311, అచ్యుతరావు గారికి 307.

"గారు అనే ఆయనకి తొమ్మిది," అంది సిటీ క్లర్క్. "ఎవరాయన?"

ఆ తొమ్మిదిలో ఒకటి నాది. పెద్దాయన పేరు ఒట్టిగా రాయడానికి చెయ్యి రాక, "అచ్యుతరావు గారు" అని ఇంగ్లీషులో రాసొచ్చాను. మిగతా ఎనిమిదిమంది తెలుగువాళ్ళూ అదే పని చేశారు. క్లర్క్ ఆఖరి మాటని ఇంటిపేరు అనుకుంది.

"ఆ గారు మీరేనని సైన్ చేస్తే కలుపుతాను," అంది.

ఆయన లేచి వరండాలో అటూ ఇటూ తిరగసాగారు. ముఖం కందిపోయింది.

"తన పేరుకి తనే గారు తగిలించుకునేవాణ్ణి ఏమంటారయ్యా?" అన్నారు నాతో.

"తప్పు మాది, క్షమించండి," అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

ఆయన భార్య నళిని గారు మాత్రం కసిరారు. "ప్రతి వానకీ బకెట్లతో ఎత్తిపోసేది నేను. సైన్ చెయ్యండి!"

సంతకం పెట్టారు. ఐదు ఓట్లతో గెలిచారు. కాల్వ మరుసటేడు తవ్వారు, అది వేరే సంగతి.

బయట కార్ దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఇకమీదట నన్ను గారు అనకు. అది ఎదుటివాళ్ళు మర్యాదగా ఇవ్వాల్సిన మాట, నేను సంతకం పెట్టి తీసుకున్నాను," అన్నారు.

"సరేనండీ, అచ్యుతరావు గారూ," అన్నాను. వేరేలా పిలవడం నాకు చేతకాలేదు.