తాడు కొసన పీచు

మా ఊరి బడిలో పనిచేసి వెళ్లిన సైన్సు సారు భూమి వయసును వలతాడుతో చెప్పేవారు. ఇసుకలో తాడు పరిచి, ఒక కొస భూమి పుట్టిన రోజు, రెండో కొస ఈ రోజు అని చెప్పి, పిల్లలను దాని వెంట నడిపిస్తూ, అడుగడుగునా "ఇంకా మనుషులు రాలేదు" అనేవారు.

ఆ తాడు నాది. ఒకసారి కొసన పీచు లేచిందని, వలలు బాగుచేసే అలవాటుకొద్దీ కోసి ముడేసి ఇచ్చాను. ఆ పీచే మనుషుల కాలమని నాకేం తెలుసు?

"అక్కా, మనుషులందరినీ కోసి పారేసినావే!" అని సారు పకపకా నవ్వారు.

అక్షరాలు నేర్చుకోమని ఆయన ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. "యాభై దాటినాయి సారూ, ఇంకేం చదువు?" అని తప్పించుకునేదాన్ని. ఆ రోజు పీచు వెతికి నా అరచేతిలో పెట్టారు.

"మనుషులు రాయను నేర్చింది దీని కొసనే. నీకొక్కదానికే ఆలస్యమైందా అక్కా?"

మర్నాడు పలక పట్టుకొని సిగ్గుపడుతూ బడి గుమ్మంలో నిలబడ్డాను. సారు పిల్లలవైపు తిరిగి మెల్లగా అన్నారు.

"మనుషులు వచ్చినారు."