పొట్టకింద మొలిచిన రెక్క

నా పీహెచ్‌డీని నా చేత్తో నేనే ముంచుకున్న వైనం చెప్తాను. నవ్వండి, పర్వాలేదు. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో విజయవాడలో రీసెర్చి చేస్తున్నాను. మా గైడుగారు నాకో రాతిపలక ఇచ్చారు. అందులో కోట్ల ఏళ్లనాటి చేప అచ్చు. దాని చుట్టాలెవరో పట్టుకుని వంశవృక్షం తేల్చాలి. తేలిస్తే డిగ్రీ, లేదంటే ఇంటికే! ఇక అక్కణ్ణుంచి నాకు అందరిమీదా అనుమానమే. ముఖ్యంగా పక్క బల్ల దగ్గరి మేరీ మీద. ఆ పిల్ల "టీ తాగుదామా అక్కా?" అన్నా సరే, నన్ను బయటికి పంపి చేపని ఫొటో తీసుకోడానికే అనుకునేదాన్ని.

అందుకే ఓ సాయంత్రం పలకని చున్నీలో చుట్టి ఇంటికి బయల్దేరాను. బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటీ మీంచి జారి మూడు ముక్కలైంది!

ల్యాబ్‌లో చెప్తే ఇంకేమన్నా ఉందా? తిన్నగా ఆటోనగర్ వెళ్లి, మా అన్నయ్య కారు సొట్టలు తీసిన బాజీ చేతిలో పెట్టాను.

"అతికించు బాజీ. ఎవరికీ చెప్పకు."

"కొత్తదానిలా చేసిస్తా మేడం!"

కోట్ల ఏళ్ల దాన్ని కొత్తదానిలా చేస్తానంటే అనుమానం రావాలా, వద్దా? లోకాన్నంతా అనుమానించినదాన్ని, అక్కడ మాత్రం థ్యాంక్స్ చెప్పొచ్చాను.

రెండ్రోజులకి చేప చేతికొచ్చింది. ఆహా! పొట్టకింద, అంతకుముందు లేని రెక్క! రాయి పగలడంతో లోపల దాగినది బయటపడిందని మురిసిపోయి, పాత కొలతలు పారేసి కొత్తవి కంప్యూటర్‌కిచ్చాను. అది చేపని ఓసారి సొర పక్కన పెట్టింది, ఓసారి కొరమీను పక్కన. చివరికి నా అన్నవాళ్లే లేకుండా ఓ మూల నిలబెట్టింది. కొత్త వంశం కనిపెట్టానని గంతులేశాను.

"అక్కా, ఆ రెక్క రంగు కాస్త తేడాగా ఉంది. గోటితో గీకి చూద్దామా?" అంది మేరీ.

"ముట్టుకున్నావంటే ఊరుకోను! నీ కుళ్లు నాకు తెలీదనుకున్నావా?"

పాపం, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

నా సెమినార్‌కి బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్‌గారు భూతద్దం పెట్టి చూసి, "రెక్కమీద వెంట్రుక ఉందేంటమ్మా?" అన్నారు.

"ఇంకో కొత్త లక్షణం సార్!" అన్నాను ధీమాగా.

"పెయింట్ బ్రష్‌దమ్మా ఇది."

మా గైడుగారు ఒక్క చూపు చూసేసరికి నిజం మొత్తం కక్కేశాను. ఆయన అక్కడికక్కడే బాజీకి ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించారు.

"అవునండి, పుట్టీతో నేనే పెట్టా. పైన రెక్క ఉండి కింద లేకపోతే చూడ్డానికి బాగోదు కదండీ!"

"రెక్క ఒక్కటేనా బాజీ?" ఏడుపుగొంతుతో అడిగాను.

"మూతి కూడా మేడం. చప్పిడిగా ఉంటే కాస్త మొన తేల్చా."

నా స్లయిడ్లలో సగం ఆ మూతిమీదే ఉన్నాయి. డిగ్రీ అక్కడితో సరి. సిగ్గుతో చచ్చిపోతుంటే మేరీ మంచినీళ్లు తెచ్చిచ్చింది. అందులో ఏం కలిపిందోనని గ్లాసులోకి ఓసారి తొంగిచూసి మరీ తాగాను!

పుట్టీ గీకి మేరీ లెక్క కడితే పది నిమిషాల్లో చుట్టాలు దొరికారు. అందరికీ తెలిసిన పాత కుటుంబమే.

కనుక పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ చేపనీ ఆటోనగర్ తీసుకెళ్లను. తప్పనిసరై తీసుకెళ్లినా, మేరీని వెంటబెట్టుకునే వెళ్తాను.