ఎవరూ లేనప్పటి ఇల్లు

దెయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. అమ్మ దిష్టి తీస్తుంటేనే విసుక్కునేదాన్ని. ఇప్పటికైనా నమ్ముతున్నావా అంటే ఏం చెప్పాలో తెలియదు. గజపతినగరంలో మేం అద్దెకున్న ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను.

మా ఆయన నాకు మేనబావ. పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. అప్పట్లో అక్కడొక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. మా పాప చిన్నికి మూడేళ్లు. పక్క వాటాలో ఇంటి ఓనరు ఒక్కతే ఉండేది, పెద్దావిడ. పిన్నీ అనేదాన్ని.

నాకొక పిచ్చి ఉంది. కుక్కర్ విజిల్, చీపురు చప్పుడు, పాప గ్లాసు మీద చెంచాతో కొట్టడం, ఇలాంటివన్నీ ఫోన్లో రికార్డు చేస్తాను. వాటిని కత్తిరించి, వెనక్కి తిప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి నిమిషం పాటు సంగీతంలాంటిది తయారు చేస్తాను. వాయిద్యాలేవీ రావు. డిగ్రీలో నా స్నేహితురాలు రమణి, ఇలాంటి పిచ్చివాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. వారానికొక మాట ఇస్తుంది. దాని మీద ట్రాక్ చేసి పంపాలి. ఒక వారం "తడి", ఒక వారం "కోపం".

ఆ వారం ఇచ్చిన మాట "ఇంట్లో ఎవరూ లేనప్పుడు".

ఆదివారం విజయనగరంలో చుట్టాల పెళ్లి ఉంది. బయలుదేరే ముందు పాత ఫోన్ని వంటింటి గట్టు మీద పప్పు డబ్బాకి ఆనించి, ఛార్జింగ్ పెట్టి, రికార్డింగ్ నొక్కాను. పెరటి తలుపు గడియ నేనే వేశాను. వీధి తలుపుకి బావ తాళం వేశాడు.

ఎండ తగ్గాక తిరిగొచ్చాం. బండి చప్పుడుకి పిన్ని తన గుమ్మంలోకి వచ్చింది.

"ఏటమ్మా, ఇప్పుడొస్తన్నారేటి? ఇంట్లోనే ఉన్నారనుకున్నాను. నీ కూతురు ఇందాకటి దాకా ఒకటే నవ్వు కదా!"

"లేదు పిన్నీ, పొద్దున్నే ఎల్లిపోనాం."

ఆవిడ చిన్ని వంక చూసింది. తరవాత నా వంక చూసింది. "నాకే చెవులు సరిగ్గా లేవేమోలే," అంటూ లోపలికి వెళ్లిపోయింది. నేను పట్టించుకోలేదు. లోపలికెళ్లి రికార్డింగ్ ఆపేశాను.

మర్నాడు బావ స్కూలుకి వెళ్లాక, చిన్నిని పడుకోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ముందు తాళం వేసిన చప్పుడు. బండి దూరమవడం. తరవాత ఫ్రిజ్ మూలుగు, కాకి, ఎక్కడో రైలు కూత. బాగున్న చోట్లు గుర్తు పెట్టుకుంటూ, ఏమీ లేని చోట ముందుకి జరుపుతూ హాయిగా వింటున్నాను.

గిన్నె కదిలింది. పిల్లి అనుకున్నాను.

కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్లు పడ్డాయి. మళ్లీ కుళాయి కట్టేసిన చప్పుడు. పిల్లి కుళాయి కట్టదు.

గాజులు గలగలమన్నాయి. పోపులో ఆవాలు చిటపటలాడాయి. పట్టీల మువ్వలతో ఒక పిల్ల పరిగెత్తుతూ వచ్చింది.

"పరిగెట్టకే, పడిపోతావు!"

ఆ గొంతు నాది. సొంత గొంతు రికార్డులో కొత్తగా ఉంటుందంటారు గానీ, గ్రూపులో పెట్టే వాయిస్ మెసేజుల్లో నేను ప్రతి వారం వినేదాన్ని. పొరపాటు పడే వీల్లేదు. ఆ నవ్వు చిన్నిది. ఆ వేళకి చిన్ని విజయనగరంలో, పెళ్లి పందిట్లో నా ఒళ్లో ఉంది.

ఏడుపులు లేవు, అరుపులు లేవు. నా గొంతున్న ఆవిడ వంట చేస్తోంది, పిల్లకి ముద్దలు పెడుతోంది, ఏదో కూనిరాగం తీస్తోంది. ఎంతో సంతోషంగా ఉన్నారు. ఆపేద్దామని వేలు పెట్టాను. అయినా ఆపలేకపోయాను.

చివర్లో బయట బండి ఆగింది. మా బండే. లోపల నవ్వు ఠక్కున ఆగిపోయింది. గుమ్మం దగ్గర పిన్ని మాటలు, నా జవాబు సన్నగా వినిపిస్తున్నాయి. తాళం కదిలింది. అప్పుడు ఫోనుకి బాగా దగ్గరగా, పెదవులు ఆనించినట్టు, నా గొంతు గుసగుసలాడింది.

"వచ్చీసినారు. ఊరుకో."

తలుపు తెరుచుకుంది. మా అడుగులు లోపలికొచ్చాయి. "అబ్బ, ఏం ఉక్క!" అన్నాను నేను. రికార్డింగ్ అయిపోయింది.

నిద్రపోతున్న పిల్లని భుజానేసుకుని, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాను. బావ వచ్చేదాకా పిన్ని అరుగు మీదే కూర్చున్నాను.

బావ లోపలి నుంచి ఫోను తెచ్చి, వీధిలో నిలబడే ఆ చోట్లన్నీ విన్నాడు. పాత రికార్డింగులేవైనా కలిసిపోయాయేమో అన్నాడు. ఫైలు ఒక్కటే, మధ్యలో ఎక్కడా తెగలేదు. పైగా వంట చేస్తూ నా మాటలు నేనెప్పుడూ రికార్డు చేసుకోలేదు. అతను హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నేను లేనేటే ఇందులో?" అని చిన్నగా అడిగాడు.

ఆ రోజు నుంచి అతను బండెక్కితే, తిరిగొచ్చేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు. ఆ ఫైలు చెరిపేశాం. రమణికి ఏమీ పంపలేదు. కొన్నాళ్లకి బావ కొత్తవలసలో ఉద్యోగం చూసుకున్నాడు, ఇల్లు ఖాళీ చేశాం. దేవుడి దయవల్ల అందరం బాగానే ఉన్నాం.

మొన్నామధ్య బావే అన్నాడు, "ఇక్కడ కూడా ఒకసారి ఫోను పెట్టి సూద్దామేటే? ఏటీ లేదని తెలిస్తే నీకూ భయం పోతాది."

వద్దన్నాను. ఏమీ వినిపించకపోతే మంచిదే. వినిపిస్తే ఈసారి ఎక్కడికని పోతాం?

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. బయటి నుంచి వచ్చినప్పుడు మాత్రం, తాళం తీసే ముందు ఒకసారి గట్టిగా తలుపు తట్టి కాసేపు ఆగుతాను. ఎందుకని బావ అడగడు. అతనూ నా పక్కనే నిలబడి ఆగుతాడు.