గేటు ముందు కానుగ మొక్క

గంజి పోసి ఆ మొక్కను చంపింది నేనే. ఇంతవరకు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే సిగ్గూ లేదు, ఏడుపూ లేదు. ఈమధ్య నాకు ఆవలింతలు తప్ప ఏదీ రావడం లేదు.

పద్మారావు నగర్‌లోని మా వీధిలో మున్సిపాలిటీ వాళ్లు చెట్లు పెడతామని వచ్చారు. ఎవరి ఇంటి ముందు పెడితే ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నట్టు, నీళ్లు పోసి చూసుకుంటామన్నట్టు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. నేను వంటింట్లో ఉన్నాను. మా ఆయన గేటు దగ్గర నిలబడే సంతకం పెట్టేసి, ఘనకార్యం చేసినవాడిలా లోపలికి వచ్చారు.

"మనింటి ముంగట కానుగ చెట్టు పెడుతున్నరే" అన్నారు.

"నన్నొక్క మాట అడిగిన్రా?"

"చెట్టుకు సుత అడుగుడేందే?"

రెండు రోజుల్లో మొక్క వచ్చింది. చుట్టూ ఇనుప జాలీ బిగించారు. సరిగ్గా మా దర్వాజకు ఎదురుగా. ఎదురింటి పెద్దమ్మ అది చూసి, చేతిలోని చీపురు వదిలేసి మరీ వచ్చింది.

"దర్వాజకు ఎదురుంగ చెట్టు ఉండొద్దు బిడ్డా. ఇంటి పెద్దకు మంచిది కాదు. చదువుకున్నదానివి, నీకు తెల్వదా?"

తెలుసు. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, అదంతా వట్టి మాటేనని బాగా తెలుసు. కానీ ఇంటి పెద్దకు అప్పటికే గుండెలో స్టెంట్ ఉంది. నవ్వేసి పెద్దమ్మను పంపించాను గానీ, లోపలికి రాగానే ఆయన మందుల డబ్బా తీసి మాత్రలు లెక్కపెట్టాను. మొక్కను మూలకు జరిపించమని ఆయనకు రెండుసార్లు చెప్పాను. భయం అని మాత్రం చెప్పలేదు. ఆకులు రాలితే ఊడవలేనన్నాను, ముగ్గుకు జాగా ఉండదన్నాను. "సంతకం పెట్టినంక ఇప్పుడు పీకుమంటే నవ్వుతరే" అన్నారాయన.

సరే అనుకుని కుక్కర్‌ను అటక మీద పెట్టాను. నాలుగు రోజులు గిన్నెలో అన్నం వండి గంజి వార్చాను. ఆయన స్నానానికి వెళ్లగానే ఆ గంజిని సెగలు కక్కుతుండగానే తీసుకెళ్లి మొక్క మొదట్లో పోశాను. వేర్ల మీద వేడి పడితే ఏమవుతుందో పిల్లలకు నేను చెప్పిన పాఠమే. ఆ నాలుగు రోజులూ ఆయన మాత్రం "అన్నం పొడిపొడిగ మస్తుందే" అని మారు వడ్డించుకుని తిన్నారు. తిని, చెంబుతో నీళ్లు తీసుకెళ్లి అదే మొక్కకు పోసి వచ్చేవారు. చూస్తూ ఊరుకున్నాను.

ఐదో రోజు ఆకులు వేలాడిపోయాయి. వారానికి పుల్ల మిగిలింది. "ఎండకు పోయినట్టుంది" అన్నారాయన, నా వైపు చూడకుండా. ఆ పూటే కుక్కర్ కిందికి దించాను. అన్నం మళ్లీ ఎందుకు ముద్దయిందని ఆయన అడగలేదు. తిండి దగ్గర ఉప్పు తక్కువైనా ఊరుకోని మనిషి.

ఆ తర్వాత ఏడాది కూడా తిరగలేదు. ఒక పొద్దున చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. వాళ్లు చెప్పాల్సింది వాళ్లు చెప్పారు. పదకొండో రోజు దాకా ఇంటి నిండా జనం. అందరూ నన్ను ఏడవమన్నారు. ఏడిస్తే మనసు తేలికవుతుందట. నా మనసు బరువుగా ఉంటే కదా, అసలు ఉన్నట్టే లేదు.

చుట్టాలంతా వెళ్లిపోయిన మూడో రోజున గేటు చప్పుడైంది. మొక్కలు పెట్టే మున్సిపాలిటీ ఆమె. చేతిలో గడ్డపార, వెనక ఆటో ట్రాలీలో మొక్కలు.

"సారు లేడా అమ్మా?"

చెప్పాను. ఆమె గడ్డపార గోడకు ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, మంచిగనే ఉండె గదమ్మా! ఆఫీసుకొచ్చి ఇంకో మొక్క కావాలని ఫారం రాసిచ్చిండు. పోనియ్యమ్మా, పక్కింటికి పెట్టుకుంట."

"ఫారం ఏది? చూపియ్యి."

మడతలు పడిన కాగితం ఇచ్చింది. సంతకం ఉండాల్సిన చోట ఖాళీ. దాని కింద ఆయన కోడికాళ్ల రాతలో రెండు వాక్యాలు. 'ఈసారి మా ఇంట్ల ఆమెను అడిగినంకనే పెట్టాలె. దర్వాజకు ఎదురుగ వద్దు, నాకేమన్న అయితదని ఆమెకు భయం.'

"ముంగటి మొక్క గంజికి పోయిందని నవ్వుకుంట చెప్పిండమ్మా సారు. మా ఆమె సంతకం పెడితెనే పెట్టుండ్రి అన్నడు."

కోపం వచ్చింది. ఇన్ని రోజుల్లో నాకు వచ్చింది అదొక్కటే. తెలిసీ ఒక్కసారైనా తిట్టలేదు మనిషి. నాలుగు రోజులు ఆ అన్నం తిని, మస్తుందన్నాడు.

పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాను.

"ఏడ పెట్టాలమ్మా? గీ మూలకా?"

దర్వాజకు ఎదురుగా, పాత గుంత పూడ్చిన చోటు చూపించాను. ఆమె కాగితం వైపూ నా వైపూ చూసింది.

"సారు గాడ వద్దని రాసిండు గదమ్మా."

"ఇంక ఎవలకేమైతది?" అన్నాను.

ఆమె గడ్డపార అందుకుంది. గుంత తవ్వి, మొక్క నిలబెట్టి, మట్టి తొక్కి, నీళ్లు తెమ్మంది. ఆయన చెంబు నల్లా దగ్గరే ఉంది. నింపుకుని వచ్చాను. పోయబోతూ ఆగి, వేలు ముంచి చూశాను. చల్లగానే ఉన్నాయి. అయినా ఇంకోసారి ముంచి చూసి, అప్పుడు పోశాను.